అయిదు స్పీకర్లు, రెండు చెవులు

హోమ్ థియేటర్ కొనుక్కున్న ఇళ్ళలో తరచూ వినపడే ఫిర్యాదు ఒకటుంది: "ఫైట్లు ఇల్లెగిరిపోయేలా వస్తాయి, మాటలు మాత్రం వినపడవు." చేతిలో రిమోట్ పట్టుకుని, మాటలొస్తే పెంచుతూ, పాటొస్తే తగ్గిస్తూ సినిమా పూర్తి చేస్తారు. చవక సెట్టు కొన్నందుకే ఇలా అయిందనుకుని ఇంకా ఖరీదైన దాని కోసం షాపుకు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఒక్కసారి గోడల వంక చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ముందు స్పీకర్లు షోకేసులో బొమ్మల మధ్య ఇరుక్కుని ఉంటాయి. వెనక స్పీకర్లు సీలింగ్‌కి ఆనుకుని రెండు మూలల్లో వేలాడుతుంటాయి. సబ్‌వూఫర్ సోఫా చాటున ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఉంటుంది. గదిలో ఎక్కడ పడతాయో చూసి పెట్టారు తప్ప, వినే మనిషి ఎక్కడ కూర్చుంటాడో చూసి పెట్టలేదు.

మరి ఎక్కడ పెట్టాలి? దీనికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటుంది. పిల్లలైతే సూటిగా అడిగేస్తారు: మనకున్నవి రెండు చెవులే కదా, స్పీకర్లు అయిదెందుకు? దీనికి జవాబు దొరికితే స్పీకర్ల చోట్లు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

చెవి దిక్కును ఎలా పడుతుంది?

కుడివైపు నుంచి ఎవరో పిలిచారనుకోండి. ఆ పిలుపు ముందు కుడి చెవికి చేరుతుంది. ఎడమ చెవికి చేరాలంటే తలను చుట్టి రావాలి. అందుకు అదనంగా నడవవలసిన దూరం దాదాపు జానెడు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనక ఆ జానెడు దూరానికి పట్టే సమయం సెకనులో వెయ్యోవంతు కూడా కాదు, అందులో మూడింట రెండు వంతులు. వెయ్యోవంతు సెకనును మిల్లీసెకను అంటారు, ఈ అధ్యాయమంతా దానితోనే పని. ఇంత చిన్న ఆలస్యాన్నే కాదు, ఇందులో పదోవంతు కంటే తక్కువ తేడాను కూడా మన మెదడు పసిగట్టి, పిలుపు ఎటునుంచి వచ్చిందో చెప్పేస్తుంది.

మెదడుకు దొరికే రెండో ఆనవాలు బిగ్గరతనంలో తేడా. సన్నని శబ్దాల అలలు పొట్టివి. తల వాటికి అడ్డం పడుతుంది కనక అవతలి చెవికి అవి తగ్గి చేరతాయి. బొంగురు శబ్దాల అలలు పొడవైనవి. అవి తలను లెక్కచేయకుండా చుట్టుకుని పోతాయి, రెండు చెవులకూ దాదాపు ఒకే స్థాయిలో వినిపిస్తాయి. అంటే బొంగురు శబ్దాలకు దిక్కు చెప్పేది ఆలస్యం, సన్నని శబ్దాలకు దిక్కు చెప్పేది బిగ్గరతనం. ఈ రెండింటినీ కలిపి 1907లో ఒక సిద్ధాంతంగా చెప్పినవాడు ఇంగ్లండ్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలే.

అంతకు 30 ఏళ్ళ ముందే రేలే ఒక ప్రయోగం చేశాడు. పచ్చికలో కళ్ళు మూసుకుని నిలబడి, చుట్టూ సహాయకులను నిలబెట్టి, ఒకసారి మాట్లాడమన్నాడు, ఇంకోసారి శృతి దండాలు మోగించమన్నాడు. మాటలైతే ఎటువైపు నుంచి వచ్చినా పట్టుకోగలిగాడు. శృతి దండం నాదం వచ్చినప్పుడు కుడి ఎడమలు తెలిశాయి గానీ, ముందు నుంచా వెనక నుంచా అన్నది చెప్పలేకపోయాడు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. సరిగ్గా ఎదురుగా ఉన్న చప్పుడైనా, సరిగ్గా వెనక ఉన్నదైనా రెండు చెవులకూ ఒకేసారి, ఒకే స్థాయిలో చేరుతుంది. అక్కడ ఆలస్యమూ పనికిరాదు, బిగ్గరతనమూ పనికిరాదు. అప్పుడు ఆదుకునేది చెవి డొప్ప. దాని మడతలు ముందు నుంచి వచ్చే శబ్దాన్ని ఒకలా, వెనక నుంచి, పై నుంచి వచ్చేదాన్ని మరోలా మార్చి లోపలికి పంపుతాయి. మాటల్లో సన్నని శబ్దాలు పుష్కలంగా ఉంటాయి కనక డొప్పకు పని దొరుకుతుంది. శృతి దండంలో ఒక్క నాదమే ఉంటుంది కనక దొరకదు.

ఇంకొక్క సంగతి తెలిస్తే చెవి గురించి ఈ అధ్యాయానికి కావలసినంత తెలిసినట్టే. ఎదురుగా ఉన్న చప్పుడు ఒకటి రెండు డిగ్రీలు జరిగినా మనం పట్టుకుంటాం. అదే చెవికి సూటిగా పక్కన ఉన్న చప్పుడైతే పది డిగ్రీలు జరిగినా తెలియకపోవచ్చు. అందుకే ముందు స్పీకర్లను కొలిచి పెట్టాలి. పక్క స్పీకర్ల విషయంలో కాస్త అటూ ఇటూ అయినా ఇబ్బంది ఉండదు. మన ఇళ్ళలో జరుగుతున్నది దీనికి తలకిందులు. ముందువి షోకేసు ఎంత వెడల్పుంటే అంతలో సర్దేసి, వెనకవాటికి మాత్రం మూలలు చూసి మేకులు కొడుతున్నారు.

స్పీకరు లేని చోటు నుంచి గొంతు

1931లో ఆలన్ బ్లూమ్‌లైన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు స్టీరియో ధ్వనికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. స్టీరియోకు ఆధారం చాలా చిన్న విషయం. కుడి ఎడమల్లో రెండు స్పీకర్లు పెట్టి, రెండింటిలోనూ ఒకే గొంతును ఒకే స్థాయిలో వినిపిస్తే, ఆ గొంతు రెండింటికీ నట్టనడుమ, ఏ స్పీకరూ లేని చోటు నుంచి వచ్చినట్టుంటుంది. దీన్ని ఊహా స్పీకరు అందాం, ఈ రంగంలోవాళ్ళు ఫాంటమ్ సెంటర్ అంటారు. పాటల రికార్డులో గాయని గొంతు మధ్యలో నిలబడేది ఇలాగే.

అయితే ఈ మాయ సరిగ్గా మధ్యలో కూర్చున్నవాళ్ళకే పనిచేస్తుంది. ఒక గదిని తీసుకుని లెక్క వేద్దాం: వెడల్పు 12 అడుగులు, పొడవు 16, ఎత్తు 10. స్పీకర్లు ఎనిమిది అడుగుల ఎడంలో ఉన్నాయి. సోఫా వాటికి ఎనిమిదిన్నర అడుగుల దూరంలో ఉంది. సోఫా కుడి చివర, మధ్యకు రెండున్నర అడుగులు పక్కన కూర్చున్నవాళ్ళకు కుడి స్పీకరు కంటే ఎడమది రెండడుగులు దూరం. ధ్వని ఒక అడుగు నడవడానికి దాదాపు 0.9 మిల్లీసెకను పడుతుంది కనక ఎడమ స్పీకరు గొంతు 1.8 మిల్లీసెకన్లు ఆలస్యం. తలకు ఈ పక్క నుంచి ఆ పక్కకు పట్టే సమయానికి ఇది రెండింతల పైమాటే. దాంతో గొంతు మొత్తం కుడి స్పీకరులోకి జారిపోతుంది.

దీని వెనక ఉన్న సూత్రం హోమ్ థియేటర్ అంతటికీ మూలం. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి కొద్ది తేడాతో వస్తే, ఏది ముందు చేరిందో అటునుంచే వచ్చిందని మెదడు తీర్మానించేస్తుంది. రెండోదాన్ని విడిగా లెక్కపెట్టదు. దీన్ని తొలిరాక ప్రభావం అనవచ్చు, ఇంగ్లీషులో ప్రెసిడెన్స్ ఎఫెక్ట్ అనే పేరు స్థిరపడింది. 1949లో జర్మనీలోని గొటింగెన్‌లో హెల్ముట్ హాస్ ఒకే ప్రసంగాన్ని రెండు స్పీకర్లలో వినిపించి, ఒకదాన్ని ఆలస్యం చేస్తూ పోయాడు. ఆలస్యం 5 నుంచి 30 మిల్లీసెకన్ల లోపల ఉన్నంతవరకు, వెనకవచ్చినది 10 డెసిబెల్స్ ఎక్కువ ఉన్నా, అంటే చెవికి దాదాపు రెట్టింపు బిగ్గరగా ఉన్నా, వినేవాళ్ళు ముందొచ్చిన వైపే చూపించారు.

సినిమా హాల్లో వందలమంది కూర్చుంటారు, నడిమి వరుసలో నడిమి సీటు ఒకరికే దక్కుతుంది. అందుకే సినిమావాళ్ళు ఊహా స్పీకరును నమ్ముకోలేదు. 1940లో డిస్నీ 'ఫాంటాసియా' కోసం తెర వెనక ఎడమ, మధ్య, కుడి అని మూడు వరుసల ధ్వని పెట్టారు. 1953లో సినిమాస్కోప్‌తో వచ్చిన 'ది రోబ్'లో కూడా తెర వెనక మూడు, హాలు గోడలకు ఒకటి. 1955లో మొదలైన టాడ్-ఏఓ 70 ఎం.ఎం. పద్ధతిలో ఆరు ట్రాకుల్లో అయిదు తెర వెనకవే. మన దగ్గర 1986లో కృష్ణ తీసిన 'సింహాసనం' 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ ధ్వనితో వచ్చిన మొదటి తెలుగు సినిమా. చుట్టూ ధ్వని అన్న పేరే గానీ, కథంతా నడిచేది తెర దగ్గరే.

నేటి సినిమాల్లో మాటలు దాదాపు అన్నీ నడిమి స్పీకరులోనే ఉంటాయి. మాటలు వినపడటం లేదన్న ఫిర్యాదుకు ముందు చూడవలసింది దాన్నే. టీవీ కింద అరలో లోపలికి తోసేసి ఉంటే అర గోడలు మాటను మొద్దుబారుస్తాయి. అర అంచు దాకా, వీలైతే ఒక వేలెడు బయటకు లాగండి. చెవి కంటే కింద ఉంటుంది కనక ముందు భాగం కింద చిన్న రబ్బరు ముక్క పెట్టి, ముఖం మీ చెవులకేసి ఉండేలా ఎత్తండి. చాలా ఇళ్ళలో ఈ రెండు నిమిషాల పనితోనే రిమోట్‌తో తంటాలు తగ్గిపోతాయి.

కుడి, ఎడమ స్పీకర్ల చోటు కొలవడానికి పురికొస చాలు. కూర్చునే చోటు నుంచి మధ్య గీతకు అటూ ఇటూ 22 నుంచి 30 డిగ్రీల లోపల ఉండాలన్నది ఇప్పుడు అందరూ పాటించే లెక్క. సీటు నుంచి స్పీకరుకు ఎంత దూరమో రెండు స్పీకర్ల మధ్యా అంతే దూరం ఉంటే, మూడు భుజాలూ సమానమై, సరిగ్గా 30 డిగ్రీలు వస్తుంది. ఎడం తగ్గితే కోణమూ తగ్గుతుంది. మన గదిలో ఎనిమిది అడుగులకు 25 వస్తోంది, అది సరిపోతుంది. స్పీకరులో సన్నని శబ్దాలు పలికించే చిన్న గుండ్రటి భాగం, ట్వీటర్, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి, నేల నుంచి దాదాపు మూడున్నర అడుగులు.

వెనక స్పీకర్లు వెనకవి కావు

అయిదు స్పీకర్ల అమరికలో చివరి రెండింటినీ మనం వెనక స్పీకర్లు అనేస్తాం, వాటి అసలు పేరు సర్రౌండ్ స్పీకర్లు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసులో వాటి చోటు 100 నుంచి 120 డిగ్రీల మధ్య అని ఉంది. ముక్కు సూటి దిక్కును సున్నా అనుకుంటే చెవికి సరిగ్గా పక్క 90 డిగ్రీలు. అంటే అవి చెవి పక్కన, కొంచెం వెనగ్గా ఉండాలి. మన 12 అడుగుల గదిలో, మధ్యలో కూర్చుంటే గోడ ఆరడుగుల దూరం. చెవి గీత నుంచి రెండడుగుల పైచిలుకు వెనక్కి జరిగి గోడ మీద గుర్తు పెడితే అది 110 డిగ్రీలు.

వెనక గోడ మీద ఎందుకు వద్దు? రేలే పచ్చిక ప్రయోగం గుర్తుంటే కారణం తెలిసిపోతుంది. సూటిగా వెనక నుంచి వచ్చేది రెండు చెవులకూ సమానంగా చేరుతుంది, ముందు వెనకలు తికమకపడతాయి. పక్క నుంచి వచ్చే శబ్దం రెండు చెవుల్లో రెండు రకాలుగా పడుతుంది. ఆ తేడాయే వానలో ఉన్నట్టు, సంతలో ఉన్నట్టు, చుట్టూ ఏదో కమ్ముకున్నట్టు అనిపించేలా చేస్తుంది. సర్రౌండ్ స్పీకర్లు చేయవలసిన పని అదే. ఏడు స్పీకర్ల సెట్టులో మాత్రం రెండు పక్కన ఉండగా మరో రెండు 135 నుంచి 150 డిగ్రీల్లో నిజంగానే వెనకకు వెళతాయి. 16 అడుగుల గదిలో వాటికీ చోటుంటుంది గానీ, సోఫా వెనక గోడకు ఆనుకుని ఉన్న హాల్లో ఏడు పెట్టడం డబ్బు దండగ, అయిదే మేలు.

ఎత్తు సంగతి. చెవికి ఒకటి, మహా అయితే రెండడుగులు పైన ఉంటే పక్కవాళ్ళ తల అడ్డురాదు. సీలింగ్ మూలల్లోకి పోతే రెండు నష్టాలు. చెవి డొప్ప దాన్ని పైనుంచి వచ్చిన శబ్దంగా చదువుతుంది. దానికి తోడు మూడు తలాలు కలిసే మూల శబ్దాన్ని తిప్పికొట్టి బరువెక్కిస్తుంది.

చోటు కుదిరాక దూరం లెక్క మిగులుతుంది. మన గదిలో ముందు స్పీకరు తొమ్మిదిన్నర అడుగుల దూరంలో, సర్రౌండ్ ఆరున్నర అడుగుల లోపల ఉన్నాయి. మూడడుగుల తేడా, అంటే 2.7 మిల్లీసెకన్లు. పక్క శబ్దం ముందే చేరితే తొలిరాక ప్రభావం వల్ల చూపు తెర మీద, చెవి గోడ మీద ఉంటాయి. స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె, అంటే రిసీవర్, తన మెనూలో డిస్టెన్స్ అని అడిగేది ఇందుకే. ఒక్కో స్పీకరు సీటు నుంచి ఎంత దూరమో టేపుతో కొలిచి అంకె ఇస్తే, దగ్గరున్నదాన్ని అది కాస్త ఆపి పంపుతుంది. డాల్బీ స్టీరియో రోజుల్లో సినిమా హాళ్ళలో హాలు గోడల స్పీకర్లను కావాలనే ఆలస్యంగా పలికించేవారు, తెర మీది మాట గోడ వైపు లాగకుండా. దగ్గరున్నది బిగ్గరగా కూడా ఉంటుంది. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని, రిసీవర్ ఇచ్చే పరీక్ష హోరుతో ఒక్కోదాన్నీ ఒకే అంకెకు తెచ్చుకుంటే సరి.

గంగాళంలో నీళ్ళు

సబ్‌వూఫర్‌ను ఎక్కడ పెట్టినా ఒకటే అని షాపులో చెబుతారు. అందులో సగం నిజముంది. సెకనుకు 80 కంటే తక్కువ కంపనాలున్న, అంటే 80 హెర్ట్‌జ్ కంటే కింది శబ్దాలను మామూలుగా దీనికి అప్పగిస్తారు. 40 హెర్ట్‌జ్ అల పొడవు సుమారు ఎనిమిదిన్నర మీటర్లు, మన గది కంటే పొడుగు. అంత పొడవైన అల ఎటునుంచి వచ్చిందో చెవి చెప్పలేదు. దిక్కు వరకైతే ఎక్కడ పెట్టినా ఒకటే. గుమ్మెత్తడం వరకు చూస్తే మాత్రం అస్సలు ఒకటి కాదు.

పెళ్ళిళ్ళలో వాడే పెద్ద గంగాళాన్ని సగం దాకా నీళ్ళతో నింపి, ఒక అంచు దగ్గర అరచేత్తో నీళ్ళను మెల్లగా అదుముతూ ఉండండి. ఎలా పడితే అలా అదిమితే నీళ్ళు చిందరవందరగా కదులుతాయి. ఒకానొక లయలో అదిమితే మాత్రం నీళ్ళన్నీ కలిసి ఊగడం మొదలుపెడతాయి. ఈ అంచున లేస్తే ఆ అంచున దిగుతుంది, ఆ అంచున లేస్తే ఈ అంచున దిగుతుంది. అప్పుడు మధ్యలో చూడండి. అక్కడ నీటిమట్టం దాదాపు కదలదు.

గదిలో గాలి కూడా ఇంతే. గోడకూ గోడకూ మధ్య ఊగే దాని లయ గది కొలతను బట్టి ఉంటుంది. 16 అడుగుల పొడవుకు సుమారు 35 హెర్ట్‌జ్, 12 అడుగుల వెడల్పుకు 47, 10 అడుగుల ఎత్తుకు 56. సినిమాలో ఆ లయ తగిలినప్పుడల్లా గోడల దగ్గర ధ్వని పొంగుతుంది, గది మధ్యలో పడిపోతుంది. పాఠ్యపుస్తకాల్లో వీటికి స్థిర తరంగాలని పేరు, పొంగే చోటు ప్రస్పందన స్థానం, కదలని చోటు అస్పందన స్థానం. గది పొడవూ వెడల్పూ సమానమైతే రెండు దిక్కుల ఊపులూ ఒకే లయలో కలిసి ఆ ఒక్క శబ్దం గుయ్యిమంటుంది. చదరపు గది హోమ్ థియేటర్‌కు పనికిరాదనడానికి కారణం ఇదే.

కనక సబ్‌వూఫర్ కంటే ముందు సోఫా చోటు తేలాలి. వెనక గోడకు ఆనించిన సోఫా గంగాళం అంచున ఉన్నట్టు, అక్కడ దడదడ తప్ప ఇంకేమీ మిగలదు. గదికి సరిగ్గా మధ్యలో వేస్తే అసలు దెబ్బే వినపడదు. వెనక గోడ నుంచి గది పొడవులో మూడో వంతుకు కాస్త ఎక్కువ దూరం మంచిది. మన గదిలో ఆరడుగులు.

ఇప్పుడు అరచేయి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. అంచున అదిమితే ఊపు బలంగా పుడుతుంది, నడిమధ్య అదిమితే ఆ ఊపు పుట్టదు. గది మూలన పెట్టిన సబ్‌వూఫర్ పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ ఒక్కసారిగా ఊపేస్తుంది. మోత ఎక్కువగానే వస్తుంది, కానీ తబలా, డప్పు, బాంబు అన్నీ ఒకే మోతగా వినిపిస్తాయి. ఎదురుగోడ మధ్యలో పెడితే కనీసం వెడల్పు ఊపైనా తగ్గుతుంది. ఎదురెదురు అంచుల్లో ఇద్దరు ఒకేసారి అదిమితే? ఈ అంచు దిగాల్సిన క్షణంలోనే ఆ అంచూ దిగాలి, ఊయల సాగదు. హర్మాన్ సంస్థలో టాడ్ వెల్టి 2002లో ఎన్నో అమరికలు పోల్చి చూసి చెప్పింది కూడా ఇదే: రెండు సబ్‌వూఫర్లను ఎదురెదురు గోడల మధ్యల్లో పెడితే సోఫాలో ఏ సీటులో కూర్చున్నా దాదాపు ఒకేలా వినిపిస్తుంది. ఒక పెద్దది కొనే డబ్బుతో రెండు చిన్నవి కొనడం మేలని నా అభిప్రాయం.

ఒక్కటే ఉన్నవాళ్ళకు తేలికైన ఉపాయముంది. సబ్‌వూఫర్‌ను తీసుకెళ్ళి మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ గిటార్ మెట్లు మెట్లుగా నడిచే పాట ఒకటి వేయండి. తర్వాత గోడల వెంబడి వంగి, నేలకు దగ్గరగా చెవి పెట్టి వింటూ వెళ్ళండి. కొన్నిచోట్ల ఒక స్వరం మీద గది మూలుగుతుంది, కొన్నిచోట్ల స్వరాలు మాయమవుతాయి. స్వరాలన్నీ సమానంగా వినిపించిన చోటు దొరికితే సబ్‌వూఫర్‌ను అక్కడికి మార్చి మీరు సీటులో కూర్చోండి. ధ్వని పుట్టే చోటూ వినే చోటూ తారుమారు చేసినా దారి మారదన్న సూత్రాన్ని 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ చెప్పాడు. రిసీవర్‌తో వచ్చే మైకు పెట్టి చేసే సవరణ పొంగిన చోట తగ్గించగలదు గానీ, ఎండిపోయిన చోట నింపలేదు. అక్కడ ఎంత పోసినా గది అంతా మింగేస్తుంది.

గోడలు, కప్పు

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో మాట అర్థం కాకపోతే, వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి దాన్ని సరిచేసే పని అప్పగించారు. అక్కడ ఒక పలుకు ఆగిపోవడానికి అయిదు సెకన్లకు పైగా పట్టేది. దీన్నే ప్రతినాదం అంటారు. పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి రాత్రిళ్ళు కుర్చీల మెత్తలు మోయించి, ఎన్ని మెత్తలకు ఎంత తగ్గుతుందో సబైన్ కొలిచాడు. గదుల ధ్వని శాస్త్రం అలా మొదలైంది.

నున్నటి టైల్స్, పుట్టీ వేసిన గోడలు, అద్దాల కిటికీలున్న మన హాల్లో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. దాని వెంట 'ర్ర్ర్' అని ఒక తీగ మోగినట్టు వినిపిస్తే, గోడలు ఆ చప్పట్టును ఒకదానికొకటి అప్పగించుకుంటున్నాయన్నమాట. మాట స్పష్టత పోయేది ఇక్కడే. సోఫాకూ టీవీకీ మధ్య దళసరి తివాచీ, కిటికీలకు మడతలు మడతలుగా బరువైన తెరలు, ఒక గోడకు నిండుగా పుస్తకాల బీరువా ఉంటే చాలావరకు నయమవుతుంది. ఏ గోడ మీద ఎక్కడ మెత్తదనం కావాలో తెలియాలంటే మీరు సోఫాలో కూర్చుని, ఇంకొకరిని పక్కగోడ వెంట అద్దం జరుపుతూ వెళ్ళమనండి. అద్దంలో ముందు స్పీకరు కనబడిన చోటే శబ్దం గోడను తాకి మీ చెవికి వస్తోంది. తివాచీలూ తెరలూ సన్నని శబ్దాలనే మింగుతాయి, బేస్ గొడవకు అవి మందు కావు.

కప్పు నుంచి ధ్వని తెచ్చే డాల్బీ అట్మాస్ 2012లో 'బ్రేవ్' సినిమాతో హాళ్ళకు వచ్చింది, ఇప్పుడు ఇళ్ళకూ చేరింది. పై స్పీకర్లు రెండో నాలుగో పెట్టుకోవచ్చు, నాలుగైతే సీటుకు ముందు రెండు, వెనక రెండు, 45 డిగ్రీల వాలులో ఉండాలి. అయితే చెవి ఎత్తులో ఉండాల్సిన అయిదూ కుదిరాకే వాటి ఆలోచన. పక్క స్పీకర్లు కూడా సీలింగ్ మూలల్లోనే ఉంటే పై ధ్వనికీ పక్క ధ్వనికీ తేడా మిగలదు, డబ్బు పెట్టి కొన్నది వినపడదు.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకు ఒక్క మనవి. ప్లాస్టరింగ్‌కు ముందే సోఫా ఎక్కడ వేస్తారో నేల మీద సుద్దతో గీయండి. ఆ గీత నుంచి కొలిచి, పక్కగోడల్లో నాలుగున్నర అడుగుల ఎత్తున, చెవి గీతకు రెండడుగులు వెనగ్గా స్పీకరు వైర్ల పైపులు వేయించండి. సబ్‌వూఫర్ కోసం ఎదురెదురు గోడల మధ్యల్లో ఒక్కో ప్లగ్ పాయింటు, ఒక్కో ఖాళీ పైపు పెట్టించండి. కరెంటు వైర్లున్న పైపులో వీటిని కలపనివ్వకండి. ఎలక్ట్రీషియన్ అలవాటు ప్రకారం శ్లాబు కింద మూలల్లో పాయింట్లు పెట్టబోతే, పక్కన నిలబడి ఈ కొలతలు చెప్పి గాడి కొట్టించుకోండి.